మీ ఇష్టం మేడమ్

ఎండాకాలంలో ఏసీ హాల్లో కూర్చోబెడతామంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. సంగతి కూర్చున్నాక తెలుస్తుంది. ఆ హాల్లో ఏసీ మనుషుల కోసం పెట్టింది కాదు, ఐసుగడ్డలు కరిగిపోకుండా పెట్టింది. బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటుంటే, లోపల యువ పరిశోధకులంతా హాస్టల్ దుప్పట్లు భుజాల మీంచి కప్పుకుని, ముక్కులు తుడుచుకుంటూ పాఠం వింటున్నారు.

రోజూ పొద్దున్నే, పాఠం చెప్పే పెద్దమేడమ్ అడుగుతుంది, "చలిగా ఉందా? ఏసీ తగ్గించమంటారా?"

"మీ ఇష్టం మేడమ్" అంటారు అందరూ.

"నాదేముంది, కూర్చునేది మీరు. మీ ఇష్టం" అంటుంది ఆవిడ, తనూ శాలువా సర్దుకుంటూ.

రిమోటు బల్ల మీదే ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు. అసలు ఏసీ తగ్గించడమంటే అంకె తగ్గించడమా, పెంచడమా అన్నదాని మీదే వాళ్లలో వాళ్లకి కుదరలేదు.

ఇంతకీ వీళ్లంతా ఎండల్లో పడి వచ్చింది రాజకీయ మనస్తత్వశాస్త్రం వేసవి బడికి. జనం నోరు మూసుకుని ఎందుకు ఊరుకుంటారు, నచ్చని దానికి కూడా తలెందుకు ఊపుతారు, పదిమందీ ఎటు పోతే అటే ఎందుకు పోతారు, ఇవన్నీ తేల్చే శాస్త్రం అది. తుమ్ములకీ తుమ్ములకీ మధ్య దాన్నే తేలుస్తున్నారు.

వాళ్లలో చంటి ఒకతె. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి చంటి. డాక్టరేట్ సగంలో ఉన్నా చంటే. టీ తాగుతావా కాఫీ తాగుతావా అని ఎవరైనా అడిగితే "ఏదైనా సరే" అంటుంది. అలా అని అని, బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఇష్టం లేని కాఫీ తాగుతోంది. మొహమాటానికి ప్రాణం వస్తే చంటిలాగే ఉంటుందని వాళ్ల బావ అంటుంటాడు.

బడి అయిపోయే రోజున పెద్దమేడమ్ ఒక్కరిని ఎంచుకుని, వేరే ఊళ్లో ఉన్న తన పరిశోధన బృందంలోకి తీసుకుంటుంది. చంటికి ఆ చోటు కావాలి. ఎంత కావాలంటే, తల్చుకుంటేనే అరచేతులకి చెమట పడుతుంది, ఆ ఏసీలో కూడా. అది రాకపోతే చదువాపి ఇంటికెళ్లి బీమా ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోవాలి. నాన్న స్నేహితుడు అక్కడ మేనేజరు. ఎవరెంత తిట్టినా ఎదురు చెప్పని మనిషి కావాలన్నాడట. "అయితే మా చంటి ఉందిగా" అన్నాడట నాన్న, గర్వంగా.

ఒక్కొక్కరూ ఒక చిన్న పరిశోధన చేసి చూపించాలన్నారు. చంటి 'మీ ఇష్టం' అనే మాటని పట్టుకుంది. వారంపాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా తిరిగి, ఆ మాట ఎక్కడ వినిపిస్తే అక్కడ నిలబడింది. కర్టెన్ల షాపులో ఒకాయన ప్రతి గుడ్డకీ "నీ ఇష్టం" అంటూనే ఉన్నాడు. భార్య ఆకుపచ్చది తీసుకుంది. ఆటో ఎక్కాక "ఆ నీలం బాగుండేది" అన్నాడు. ఒక అపార్ట్‌మెంట్ మీటింగులో గేటుకి ఏ రంగు వేయాలో మీ ఇష్టమని అందరూ ప్రెసిడెంటుకే వదిలేశారు. పాపం, ఆయన ఎర్రది వేయించాడు. మర్నాటి నుంచీ "ఈ ప్రెసిడెంటు ఎవర్నీ అడగడండీ, అంతా తన ఇష్టమే" అని లిఫ్టులో మొదలెట్టారు.

చంటి తేల్చిందేంటంటే, 'మీ ఇష్టం' అంటే నాకే ఇష్టమూ లేదని కాదు. ఇష్టం ఉంది, కానీ నోటితో చెప్పను, మీరే కనుక్కోండి, కనుక్కోలేకపోతే తప్పు మీది. ఇలా ఇంట్లో భర్త అంటాడు, ఊళ్లో ఓటరంటాడు. గెలిచినవాణ్ణి తిట్టే హక్కు చేతిలో ఉండాలంటే ముందు ఇష్టం చెప్పకూడదు.

చంటి ఇదంతా చెప్పేసరికి హాలు మొత్తం దుప్పట్లు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. పెద్దమేడమ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆవిడ అలా చేస్తే బాగా నచ్చినట్టని సీనియర్లు చెబుతారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరికి పెద్దమేడమ్ గది నుంచి పిలుపొచ్చింది. ఒకరు చంటి. రెండోవాడు మైకు. అతనికి మైకు అవసరం లేదు, అందుకే ఆ పేరు. చెవిలో రహస్యం చెప్పినా పక్క భవనంలో వినిపిస్తుంది. ఎన్నికల సభల్లో జనం ఎప్పుడు కేకలేస్తారన్నది అతని పరిశోధన.

"ఉన్నది ఒకటే చోటు" అంది పెద్దమేడమ్. "పనులు ఇద్దరివీ బాగున్నాయి. కావాలని ఎవరికుందో తెలుసుకుందామని..."

"నాకు కావాలి మేడమ్" అన్నాడు మైకు. కిటికీ మీది పావురం ఎగిరిపోయింది.

పెద్దమేడమ్ చంటి వైపు తిరిగింది. "నీకమ్మా?"

చంటి నోరు తెరిచింది. 'నాకు కావాలి' అన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడ చెప్పులు విప్పుకుని, లోపలికి రావచ్చా అని అడుగుతూ నిలబడిపోయింది. బయటికొచ్చింది మాత్రం ఇది.

"మీ ఇష్టం మేడమ్."

పావురం తిరిగొచ్చి కిటికీ మీద వాలింది.

"నిన్న నువ్వు చెప్పింది నమ్మితే, ఇప్పుడన్నదానికి కావాలనే అర్థం" అంది పెద్దమేడమ్. "ఇవ్వాళ నువ్వన్నది నమ్మితే వద్దనుకోవాలి. నేనెవర్ని నమ్మాలమ్మా, నిన్నటి నిన్నా, ఇవాళ్టి నిన్నా? పోయి ఆలోచించుకుని రేపు పొద్దున రా. నోటితో చెప్పు."

సాయంత్రం చంటి మంచం మీద బోర్లా పడుకుని ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ "మీ నాన్ననడుగు" అంది. నాన్న "నాకేం తెలుసు, మీ అమ్మకి ఏది మంచిదనిపిస్తే అది" అన్నాడు. అక్క ఫోన్ ఎత్తి, ఎత్తగానే బావకిచ్చేసింది.

"ఏం మరదలా, 'నాకు కావాలి' అనడానికి నోరు రాలేదట? అత్తయ్య చెప్పింది."

"వస్తుంది బావా. సమయానికి రాదు."

"ఏదీ, ఇప్పుడను."

"నాకు... కావాలేమో."

"ఏమో ఎందుకు మధ్యలో? నేనేమన్నా నీ నోట్లోంచి లాక్కుంటానా?"

"నాకు కావాలి, మీకేం ఇబ్బంది లేకపోతే."

"నాకేం ఇబ్బంది ఉంటుంది తల్లీ" అన్నాడు బావ. "మళ్లీ అను."

ఇలా చాలాసేపు నడిచింది. చివరికి మాట శుభ్రంగా వచ్చింది, కాకపోతే పక్క మంచం మీది లెక్కలమ్మాయి విసుగొచ్చి "ఇచ్చేయండి బాబూ, ఆ పిల్లకేం కావాలో అది ఇచ్చేయండి" అని దిండు చెవుల మీద పెట్టుకున్నాక వచ్చింది. లెక్కలమ్మాయిది సర్వేల అంకెల పని. మనుషుల బాధలు ఆవిడకి శాతాల్లోనే అర్థమవుతాయి.

పొద్దున్నే చంటి తల దువ్వుకుని, మాట నోట్లో పట్టుకుని, నీళ్లు నిండిన బిందె మోస్తున్నట్టు తొణక్కుండా నడుచుకుంటూ వెళ్లింది. వరండాలో మైకు ఎదురయ్యాడు.

మైకు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. "నిన్న నేనే ముందు అనేశాను, మిమ్మల్ని అననివ్వలేదు" అన్నాడు. గొంతు తగ్గించాడనుకుంటా, తోటమాలి ఒక్కడే తిరిగి చూశాడు. "మీకు కావాలంటే చెప్పండి. నేను తప్పుకుంటాను. నిజంగా."

"అయ్యో, పర్లేదండీ, మీరే తీసుకోండి" అంది చంటి.

ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో, బస్సులో సీటిచ్చినట్టు ఇచ్చేసింది. ఇలాంటప్పుడు అవతలి మనిషి "అబ్బే, మీరే ఉంచుకోండి" అనాలి. అప్పుడు మనం "లేదు లేదు, మీరే" అనాలి. కాసేపు అటూ ఇటూ నడిచి, ఎవరికి కావాలో వాళ్లకి చేరాలి. పద్ధతి అది. మైకుకి ఆ పద్ధతి తెలీదు. చెప్పిన మాట చెప్పినట్టు నమ్మడం అతని బలహీనత.

"చాలా థాంక్సండీ. మీది పెద్ద మనసు" అని తలుపు తోసుకుని లోపలికెళ్లిపోయాడు.

చంటి వరండాలో నిలబడిపోయింది. బీమా ఆఫీసు కళ్ల ముందు కనబడింది. ఫిర్యాదుల బల్ల, దాని వెనక తను, ఎదురుగా ఒకాయన తిడుతుంటే "మీ ఇష్టం సార్" అంటూ. ఆయన వెనక ఇంకొకాయన. వాళ్ల వెనక వరస.

లోపల్నుంచి మైకు గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. "ఆవిడ నన్నే తీసుకోమన్నారు మేడమ్."

చంటి తలుపు తోసింది. తట్టలేదు. తట్టకుండా ఒక తలుపు తోయడం ఆ పిల్ల జీవితంలో అదే మొదలు.

"మేడమ్, నాకు కావాలి."

మైకు వెనక్కి తిరిగాడు. "ఇప్పుడేగా నన్ను తీసుకోమన్నారు?"

"అన్నాను."

"మరి?"

"అది ఊరికే అన్నానండీ. మీరు వద్దంటారని."

"నేనెందుకు వద్దంటాను?" అన్నాడు మైకు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"మీది తప్పేం లేదు. నాకు ఈ చోటు కావాలి. మొదటి రోజు నుంచీ కావాలి. మీకు బాధగా ఉన్నా కావాలి" అంది చంటి. అని, తనన్నది తనే విని భయపడి, పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

పెద్దమేడమ్ కళ్లజోడు తీయలేదు. "మొహమాటం మీద పని చేయడానికి మొహమాటస్తులు కావాలా, వద్దా అని ఆలోచిస్తున్నా" అంది. "అది చచ్చేంత ఉండి, దాన్ని దాటుకుని తలుపు తోసుకొచ్చిన మనిషైతే పనికొస్తుంది. నువ్వు చేరు. ఏం బాబూ, నువ్వేమంటావ్?"

మైకు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "నా బాధ నాకుంటుంది మేడమ్. ఆవిడ అడిగారు, మీరిచ్చారు" అన్నాడు. మొట్టమొదటిసారి అతని మాట ఆ గది దాటి బయటికి వినిపించలేదు. తర్వాత చంటికి టీ ఇప్పిస్తానన్నాడు. టీయే కావాలని చంటి చెప్పింది, టీకొట్టతను ఇచ్చిన వేడికి నాలుక కాల్చుకుని తాగింది.

అక్కడితో కథ అయిపోయి ఉండాల్సింది. కానీ చంటి మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నాకు చోటొచ్చింది. నేనే అడిగాను. చేరుతున్నా. బీమా ఆఫీసుకి రానని నాన్నకి చెప్పు."

అవతల కుక్కరు కూత వినిపించింది. అది ఆగేదాకా అమ్మ ఏమీ అనలేదు. ఆగాక అంది.

"మంచిది."

అంతే, పెట్టేసింది.

ఇప్పుడు చంటి మంచం మీద కూర్చుని ఉంది. పక్కన పెట్టె తెరిచి ఉంది. ఈ 'మంచిది' ఏ మంచిదో అంతుపట్టడం లేదు. సంతోషం పట్టలేక మాట రాక అన్న మంచిదా? నీ దారి నువ్వు చూసుకున్నావుగా, కానీ అన్న మంచిదా? చివర 'అమ్మా' అని కూడా అనలేదు. అంటే ఒక అర్థం, అనకపోతే ఇంకో అర్థం ఉంటుంది కదా? లెక్కలమ్మాయినడిగితే ఒక్క మాట మీద ఏమీ తేల్చలేం, కనీసం ఓ వెయ్యిమంది అమ్మల్ని అడగాలంది. బావ "మీ అక్కనడుగు" అన్నాడు. అక్క "అమ్మనే అడుగు" అంది. అమ్మని అడిగితే ఏమంటుందో అందరికీ తెలుసు, ఏమీ లేదు అంటుంది.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్న మీకు దణ్ణం పెడతాను. మీకూ అమ్మలుంటారు, మీలో కొందరు అమ్మలే అయి ఉంటారు. కుక్కరు ఆగాక, ఫోన్ పెట్టేసే ముందు, ఒట్టి 'మంచిది' అంటే ఏంటండీ? పిల్ల ముందు ఇంటికెళ్లి బతిమాలుకుని రావాలా, లేక ఇటునుంచిటే వెళ్లి చేరిపోవచ్చా? సాయంత్రం రెండు వైపులా బస్సులున్నాయి. కాస్త తెలిసినవాళ్లెవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.