బబ్లూ పేరే ఎందుకొస్తోంది

ప్రోగ్రాం కూలిన ప్రతిసారీ, తప్పెక్కడుందో వెతికే డీబగ్గర్ బబ్లూ పేరే చెబుతోంది. సుజనకు ఆ కుర్ర ప్రోగ్రామర్ మీద అనుమానం ముదిరింది.

సంతోష్‌నగర్‌లో ఓ మిఠాయి దుకాణం మీది గదుల్లో వాళ్ల ఆఫీసు. పాలు తూచే మెషీన్లకు ప్రోగ్రాములు రాస్తారు. బార్కస్ పాలకేంద్రంలో పెట్టిన మెషీన్ రోజూ తూకం మధ్యలో చచ్చి ఊరుకుంటోంది. కూలినచోటి నుంచి డీబగ్గర్ ప్రోగ్రాంలోని ఒక్కో ముక్కను, అంటే ఫంక్షన్ను, నిన్నెవరు పిలిచారు, వాణ్ణెవరు పిలిచారు అని ఆరా తీస్తూ వెనక్కి నడుస్తుంది. ఆ నడకలో బబ్లూ రాసిన తూకం చీటీ ప్రింటింగ్ ఫంక్షనే తేలుతోంది.

"సాయంత్రం దాకా చూస్త. తేలకుంటే రేపటి సంది రానక్కర్లేదు," అని బబ్లూకు తేల్చేశాడు ఆఫీసు నడిపే శ్రవణ్‌కుమార్.

"ఏం గెలికినవ్‌రా?" అంది సుజన.

"ఏం గెలకలే అక్కా, అమ్మతోడు!"

"ఒట్లు పెట్టేటోణ్ణి నేను అస్సలు నమ్మ."

వాణ్ణి పట్టుకోవాలనే కూర్చుంది. మెషీన్ ఆన్ అయ్యాక ప్రింటింగ్ ఫంక్షన్ గుమ్మంలో కాపలా పెట్టింది. అక్కడ అడుగుపడితే ప్రోగ్రాం ఆగాలి. చీటీ దాకా పోకుండా నీళ్లు నింపిన క్యాన్ ఎన్నిసార్లు పెట్టినా ఆఫీసులోని మెషీన్ నిక్షేపంగా తూచింది. అప్పుడు సుజనకు పాలకేంద్రంలో పాలు పోసే తన నాన్న బుచ్చయ్య గుర్తొచ్చాడు. ఆయన పాలు పోసే ముందు ఖాళీ క్యాన్ పెట్టి, సున్నా చేయించి, ఎత్తి చూస్తాడు. పాలవాళ్లంతా అంతే, ఏ మెషీన్‌నూ ఊరికే నమ్మరు. ఆయనలాగే ఖాళీ క్యాన్ పెట్టి, సున్నా నొక్కి, ఎత్తింది. ప్రోగ్రాం కుప్పకూలింది.

కాపలా మాత్రం ఉలకలేదు. తెరమీద మళ్లీ బబ్లూ పేరే.

గుమ్మం తొక్కనివాడు లోపలెట్లా ఉంటాడు? సుజన అనుమానం మెల్లగా డీబగ్గర్ మీదికి మళ్లింది.

తవ్వి చూస్తే, కూలింది బయట కొన్న, అసెంబ్లీ భాషలో రాసిన ఓ ముక్కలో. ఎవరు పిలిచారో తెలిపే తిరుగుదారి చిరునామా, స్టాకు అనే మెమరీ దొంతరలో ఎంత లోతున ఉందో డీబగ్గర్‌కు చెప్పే సమాచారం అలాంటి ముక్కకు విడిగా రాయాలి. ముక్క మధ్యలో స్టాకును ఇంకాస్త జరిపి లోతు మార్చారు. ఆ సంగతి రాయలేదు. డీబగ్గర్ పాత లోతులోనే చెయ్యిపెట్టి, మెషీన్ ఆన్ చేసినప్పుడు ప్రింటర్ ఉందా అని చూసిపోయిన బబ్లూ ఫంక్షన్ తాలూకు, అక్కడ మిగిలిపోయిన పాత చిరునామాను పట్టుకొస్తోంది.

లోతు సరిచేసి మళ్లీ నడిపింది. ఈసారి తేలింది సున్నా చేసి, ఆపైన ప్రతి తూకంలోంచీ క్యాన్ బరువు తీసేసే ఫంక్షన్. రాసింది శ్రవణ్‌కుమార్. క్యాన్ ఎత్తగానే తూకం సున్నా కిందికి పోతుందని ఆయన తలచనే లేదు; ఆ మైనస్ అంకెను మింగలేకే ముక్క కూలింది.

ఆయన తెరలోకి తొంగి చూశాడు. "డీబగ్గర్ తప్పు చెప్తుందేమో?"

"పొద్దున బబ్లూ పేరు చెప్తే ఈ డౌటు రాలేదేందన్నా?"

తూకం సున్నా కిందికి పోతేనే ఆపమని కాపలాను సున్నా ఫంక్షన్ గుమ్మానికి మార్చి, క్యాన్ ఆయన చేతిలోనే పెట్టింది. పెట్టాడు, నొక్కాడు, ఎత్తాడు. ప్రోగ్రాం ఆయన గుమ్మంలోనే ఆగింది.

క్యాన్ కింద దించాడు. తర్వాత బబ్లూ మొహం చూడకుండానే, "రేపు జల్ది రా," అన్నాడు.

బబ్లూ కదల్లేదు. "పనికా అన్నా, పొమ్మననీకా?"

"పనికేరా."

వాడు నమ్మలేదు. సుజన వంక చూశాడు. ఆమె తలూపాకే సంచీ భుజాన వేసుకున్నాడు.