చదరం నొక్కితే గోలు

ఇరవై రెండేళ్లుగా హర్యోకో ఒకటే అబద్ధం చెప్పుకుని తిరుగుతున్నాడు. ఆ రోజు వీడియో ఫుట్‌బాల్ ఆటలో వాడు నన్ను ఓడించాడట. ఓడించిందీ లేదు, గాడిదగుడ్డూ లేదు.

మా పేటలో వీడియో ఆటలు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. ఓడినవాళ్లు జాయ్‌స్టిక్ వెనకవాళ్లకిచ్చి లేవాలి, గెలిచినవాళ్లు కూర్చోవాలి, అదీ అక్కడి పద్ధతి. నేను పొద్దున కూర్చుంటే మళ్లీ అన్నం వేళకే లేచేదాన్ని. ఆ రోజు ఇద్దరివీ చెరి రెండు గోల్స్. ఒక్క నిమిషం మిగిలింది. బంతి నా దగ్గర, ఎదురుగా వాడి గోల్‌కీపర్ ఒక్కడే. సరిగ్గా అప్పుడే కరెంటు మీటరు స్విచ్చి పడిపోయి టీవీ ఆరిపోయింది. ఆ ఏడే కొట్టు మూసేశారు. తర్వాత నాకు పెళ్లి, కుట్టుమిషను, కూతురు. మళ్లీ జాయ్‌స్టిక్ ముట్టలేదు.

వాడేమో పేట పెద్ద అయి కూర్చున్నాడు. ఈసారి ఆగస్టు పదిహేడున, మా దేశ స్వాతంత్ర్య దినం పోటీల్లో గోనెసంచి పరుగు పక్కనే పెద్దవాళ్లకి వీడియో ఆట కూడా పెట్టాడు.

"రావే పలూపీ! అయినా మిషను తొక్కే కాళ్లకి ఆటలేం గుర్తుంటాయిలే!" అన్నాడు అందరి ముందూ.

"ఆట చేతుల్తో ఆడతారు రా పెద్దమనిషీ. అందుకే నీకు రాలేదు."

పందెం అక్కడికక్కడే ఖాయమైంది. నేను ఓడితే, ఆనాడు గెలిచింది హర్యోకోయేనని పేటంతా వినేలా మైకులో ఒప్పుకోవాలి. వాడు ఓడితే నేనే గెలిచానని ఒప్పుకోవాలి. పైగా సాయంత్రం మగాళ్లు నైటీలు వేసుకుని ఆడే బంతాటలో నా నైటీ తొడుక్కుని ఆడాలి. ఏటా ఈల పట్టుకుని రిఫరీనంటూ తప్పించుకుంటాడు, దొంగ.

మూడు రోజులు నా కూతురు కినాసి దగ్గర శిష్యరికం చేశాను. జాయ్‌స్టిక్ చేతిలోకి రాగానే బొటనవేళ్లు వాటంతటవే తమ చోటుకి వెళ్లి కూర్చున్నాయి. ఎంత సంతోషమో చెప్పలేను! కుట్టాల్సిన జాకెట్లు మూల పడేశాను. చిక్కల్లా ఒక్కటే. ఆనాటి ఆటలో చదరం గుర్తున్న బటన్ నొక్కితే గోలుకు తన్నడం, సున్నా గుర్తుది నొక్కితే బంతిని పైకి లేపడం. ఇప్పటి ఆటలో రెండూ తారుమారు.

"అమ్మా, సున్నా! సున్నా నొక్కాలి!" అని కినాసి నెత్తీనోరూ బాదుకునేది.

పోటీ రోజు పందిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మా ఆయన గునాదిని ముందే మీటరు దగ్గర కాపలా పెట్టాను.

"ఏవండీ, దీని మీద ఎవడు చెయ్యేసినా కొరికెయ్యండి."

"ఆట చూడొద్దా నేను?"

"వింటే చాలు."

హర్యోకో మైకు మా ఇద్దరి మధ్యా స్టాండుకి పెట్టించాడు, తన గొప్పలు పేటంతా వినాలని. ఆట మొదలైంది. గోలు దగ్గరికి వెళ్లడం ఆలస్యం, నా వేలు చదరం నొక్కేసేది. బంతి గాల్లోకి లేచి ఎటో పోయేది. సగం ఆట అయ్యేసరికి వాడివి రెండు, నాది సున్నా.

"ఏమే, కాకుల్ని కొడుతున్నావా?" అన్నాడు మైకులో. జనం గొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

కినాసి వచ్చి నా వెనక కూర్చుంది. గోలు దగ్గరపడ్డప్పుడల్లా వీపు మీద చరుస్తూ "సున్నా!" అని అరిచింది. ఒకటి కొట్టాను. ఇంకోటి కొట్టాను. చెరి రెండు! పందిరి ఎగిరిపోతుందేమో అన్నంత గోల.

ఒక్క నిమిషం ఉంది. బంతి నా దగ్గర, ఎదురుగా వాడి గోల్‌కీపర్ ఒక్కడే. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన క్షణం ఇదే! నాకు కినాసి అరుపు వినపడలేదు, వీపు మీద దెబ్బ తెలియలేదు. వేలు చదరం మీద పడింది.

"అయ్యో అమ్మా!" అంది కినాసి.

బంతి గాల్లోకి లేచింది. ముందుకు ఉరికొచ్చిన గోల్‌కీపర్ తల మీదుగా తాపీగా వెళ్లి గోల్లో పడింది.

నేను ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు.

"అది తప్పు బటనే! చెల్లదు!" హర్యోకో గిలగిల్లాడిపోయాడు. "ఆ రోజూ ఇంతే కదా! నీ వేలు చదరం మీదికి పోవడం చూసి, ఇంక నా పని అయిపోయిందనేగా మా తమ్ముడికి కన్నుకొట్టి మీటరు..."

మధ్యలో నోరు మూసుకున్నాడు. కానీ ముందున్నది మైకు. పేట చివరిదాకా వినపడింది.

మీటరు దగ్గర నుంచి మా ఆయన గొంతు ఒక్కటే: "విన్నానే!"

హర్యోకో మొహం కందగడ్డలా అయింది. నా మొహం చూడలేక జాయ్‌స్టిక్ వంక చూశాడు.

"లేవరా," అన్నాను. "ఓడినవాళ్లు లేవాలి. నైటీ మా ఇంట్లో తాడు మీద ఆరేసుంది, పూలది."

వాడు లేచి జాయ్‌స్టిక్ కినాసికిచ్చాడు. అది నా పక్కకి జరిగి కూర్చుంది. అన్నం వేళయింది. నేను మాత్రం లేవలేదు.