నుర్జమాల్ తొందరపడి చల్లిన షాషు

కొడుకు విమానం కొంటున్నాడని తెలిసినప్పటి నుంచి నుర్జమాల్ ప్రాణం కుదుటపడింది. దర్మెన్‌ది గనుల్లో నీటి పంపులు బాగుచేసే కంపెనీ. ఒక గని కరగండా ఊరి పక్కనుంటే ఇంకొకటి స్టెప్పీ మైదానానికి ఆ చివర. చలికాలం మంచు తుఫాను లేచిందంటే దారీ తెన్నూ కనబడదు. కారులో పోయిన కొడుకు ఫోన్ చేసేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. పాతదైతేనేం, రెండు ఇంజిన్లున్న విమానం. తుఫాను చూసుకుని ఎగరొచ్చు, పొద్దు గుంకేలోపు ఇంటికి రావొచ్చు.

ఆ రోజు ఊరి బయట విమానాలు దిగే చోటికి ఆమె కూడా వెళ్ళింది. అమ్మేవాడు సాబిత్, దర్మెన్‌ని ఎక్కించుకుని ఆకాశంలో ఓ చుట్టు తిప్పి తెచ్చాడు. పంకాలు ఇంకా నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి. కొడుకు నవ్వుతూ దిగడం చూసి ఆమె ఆగలేకపోయింది. శుభం జరిగిన చోట షాషు చల్లకుండా చేతులు ముడుచుకు కూర్చునే తల్లి ఉంటుందా? రుమాలు ముడి విప్పి చాక్లెట్లు, ఎండు పెరుగుండలు, చిల్లర నాణేలు దోసిలినిండా ఎత్తి విమానం మీదికి విసిరింది.

ఇంజిన్ నోట్లో ఎక్కడో నాణెం ఒకటి టంగుమంది.

దర్మెన్ నవ్వు మాయమైంది. "అపా, ఇంకా కొనలేదు కదా. సంతకమే పెట్టలేదు."

"నీ మొహం చూస్తే కొన్నట్టే ఉంది మరి," అంది గానీ రుమాలు గబగబా ముడేసేసింది. సంతకమయ్యేదాకా విమానం సాబిత్‌ది. ఏం విరిగినా కొడుకు నెత్తి మీదికే వస్తుంది.

దర్మెన్ వెంట తెచ్చుకున్న మెకానిక్ గెన్రిఖ్ వంగి చూశాడు. "లోపల చూడందే దీన్ని మళ్ళీ తిప్పడానికి లేదు."

సాబిత్ తేలిగ్గా నవ్వేశాడు. పెద్దావిడ ఎవరైనా అమ్మలాగే అపా అంటారక్కడ. "పోనివ్వండి అపా, తల్లి దీవెనకి ఇంజిన్ చెడుతుందా? లోపల జాలీ ఉంది, అక్కడే ఆగుతుంది. తమ్ముడూ, రేపు అక్టోబె ఊరి నుంచి ఇంకొకాయన దీన్ని చూడ్డానికి వస్తున్నాడు. ఈ పూటే సంతకం కానిద్దాం, ఇంజిన్లు తర్వాత తీరిగ్గా విప్పి చూసుకుందువు."

పొద్దుటి నుంచీ అతనిది ఇదే పాట. చేజారిపోతుందన్న భయంతో దర్మెన్ కూడా సరేనని ఉన్నాడు.

నుర్జమాల్ వెళ్ళి విమానం మెట్ల మీద కూర్చుంది. "నా చేతిలోంచి పోయింది. అది బయటికి వచ్చేదాకా నేను లేవను."

"చలిగా ఉంది అపా, లేవండి," అన్నాడు సాబిత్.

"నీ ఇంజిన్‌లో ఇనుము పడేస్తే ఒక్క తిట్టైనా తిట్టవేం అబ్బాయ్? మా పక్కింటావిడ అయితే నా గొర్రె తన గోడకి ఆనితేనే వారం రోజులు మాట్లాడదు."

సాబిత్ గడియారం చూసుకున్నాడు. దర్మెన్ అతని వంక ఓసారి చూసి గెన్రిఖ్‌కి విప్పమన్నట్టు తల ఊపాడు.

ఇంజిన్ చల్లారాక గెన్రిఖ్ మూత విప్పి, సన్నటి గొట్టానికి చివరనున్న కెమెరాని లోపలికి పంపాడు. నాణెం జాలీ మీదే ఉంది. దాన్ని లాగి ఆమె చేతిలో పెట్టేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎలాగూ విప్పాం," అంటూ గెన్రిఖ్ ఇంకో మూత తీసి, మంట మండే వైపు కెమెరా దూర్చాడు. దూర్చి, ఒకే చోట గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దర్మెన్‌ని రమ్మని చెయ్యి ఊపాడు.

చిన్న తెర మీద ఇంజిన్ లోపల తిరిగే చిన్న చిన్న రెక్కలు కనబడ్డాయి. అంచులు ఎలుక కొరికినట్టు కాలిపోయి ఉన్నాయి. ఒకదానికి మొదలు దాకా పగులు.

"పైనున్నప్పుడు ఇది ఊడితే?" అన్నాడు దర్మెన్.

"ఇందాకే పైకి వెళ్ళొచ్చావు. ఇంకేం అడక్కు."

"పాత ఇంజిన్ అన్నాక..." అని సాబిత్ మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు.

దర్మెన్ వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారుపడింది. నవ్వుతున్నాడు.

"మళ్ళీ కారులోనే తిరుగుతావు కదరా," అంది.

"మంచిది దొరికేదాకా. తుఫానొస్తే గని దగ్గరే పడుకుంటాను. నీ మీదొట్టు."

ఇంట్లో ఎదురుచూస్తున్న భార్య కుందుజ్‌కి ఫోన్ చేశాడు. "కొనలేదు... ఎందుకా? అపాని అడుగు," అని ఫోన్ తల్లి చేతికిచ్చాడు.

నుర్జమాల్ రెండో చేతిలోని నాణెం వంక చూసుకుంది.

"ముందు టీ పెట్టమ్మా," అంది. "ఇద్దరం వస్తున్నాం."