మూడో పాటలో లిఫ్టు చప్పుడు

పాట కట్టడం, పాడటం, రికార్డు చేయడం, ఆ రికార్డుల్ని సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకోవడం, అన్నీ అతనే. ఏ కంపెనీ గడపా తొక్కలేదు. గొంతును బట్టి అందరూ 'బొంగురు' అంటే, పోనీ అని ఆ పేరే అట్టల మీద వేయించుకున్న రాక్ గాయకుడు.

పదిహేడేళ్లుగా అతని స్టూడియో ఓ పాత అపార్టుమెంట్లో లిఫ్టు పక్క గది. గోడలకి పాత పరుపులు కొట్టి ఉండేవి. డ్రమ్స్ వాయించేది బావమరిది. వాడి చేతికి మొదట కర్రలిచ్చి తాళం నేర్పిందీ ఇతనే.

కొత్త ఆల్బమ్‌కి రెండేళ్లు పట్టింది. తొమ్మిది పాటలూ పూర్తయ్యాక, ఇంట్లో తీరిగ్గా వింటానని బావమరిది ఫైళ్లన్నీ ఎక్కించుకెళ్లాడు.

నాలుగు నెలల తర్వాత బొంగురు క్షవరానికి కూర్చుంటే రేడియోలో ఎవరో నున్నటి గొంతుతో పాడుతున్నాడు. గిటారు మాత్రం తనది. రెండో చరణం ముందు కిర్రుమంటూ లిఫ్టు ఆగింది. తన మూడో పాటలో ఎంత ప్రయత్నించినా పోక, విసిగి వదిలేసిన చప్పుడది.

"ఈ పాట ఎవరిదండీ?"

"కొత్తదండి. పొద్దున్నించీ ఇదే మోత," అన్నాడు క్షురకుడు.

సగం క్షవరంతో లేచి రికార్డుల షాపుకి వెళ్లాడు. అట్ట వెనక రచన, సంగీతం, నిర్మాణం అన్నిటికీ ఒకటే పేరు, బావమరిదిది. అట్నుంచటే వాడింటికి నడిచాడు.

"నీ గొంతుతో అయితే అవి అటకెక్కేవి బావా," అన్నాడు వాడు, తడబడకుండా.

"మరి నా పేరు?"

"పేరు వేస్తే నీ సంతకం కావాలంటారు. కంపెనీ అంటేనే మండిపడతావు, పెడతావా? అక్కే అంది, ఆయన్ని అడగొద్దురా అని."

ఇంటికెళ్లేసరికి భార్య బట్టలు మడతపెడుతోంది. గోడలకి పరుపులు కొట్టిన రోజు మేకులందించిన చేతులవి.

"నీకు తెలుసా?"

ఆవిడ తలెత్తలేదు. "ఇంట్లో ఒక్కరన్నా పైకొస్తారని. మీరెలాగూ రారు కదా."

మర్నాడు డ్రమ్స్ విప్పి బావమరిదికి పంపేశాడు. నెల తిరిగాక ఓ చిన్న హాల్లో ఆ పాటే పాడాడు. ముందు వరసలోంచి ఎవరో, "అసలు పాటలా లేదే," అన్నారు. అయినా చివరిదాకా పాడాడు.

అదివరకు కొత్త బాణీ ఏది కట్టినా మొదట భార్యకే వినిపించేవాడు. అది మానేశాడు. ఆవిడా అడగలేదు.