మైకు టీచరు పళ్ళ సెట్టు

ఆ వీధిలో అందరూ అతన్ని పళ్ళ మేస్త్రి అంటారు. పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు పంపే ప్లాస్టరు అచ్చుల మీద మైనం అద్ది, పళ్ళు పేర్చి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపేవాడు. ఇంటి ముందుగదే అతని పనిగది. బల్ల నిండా తెల్లటి దవడలు నోళ్ళు తెరుచుకుని కూర్చుని ఉంటాయి. కొత్తవాళ్ళెవరైనా వస్తే గుమ్మంలోనే ఒకడుగు వెనక్కి వేస్తారు. ఇన్నేళ్ళలో ఎందరికి పళ్ళు చేశాడో లెక్కలేదు గాని, వాళ్ళలో ఒక్కరి నోరూ కళ్ళారా చూసి ఎరగడు. అచ్చు పార్శిల్లో వస్తుంది, సెట్టు పార్శిల్లో పోతుంది. బతుకంతా అట్టపెట్టెల మీదే నడిచింది కాబట్టి, పార్శిలు వాళ్ళని తిట్టడం కూడా అతనికి పొద్దున్నే ముఖం కడుక్కోవడంలాంటి అలవాటైపోయింది.

అంత అలవాటుపడ్డ చెయ్యి కూడా ఒక అచ్చు దగ్గర ఆగిపోయింది. అది వాళ్ళక్క దవడ.

అక్క వేరే ఊళ్ళో ఒకటో తరగతి పంతులమ్మగా చేసి, చాలాకాలం కిందటే రిటైరయింది. ఆవిడ గొంతు అలాంటిలాంటిది కాదు. లోపల పాఠం చెబుతుంటే పక్క వీధిలో కూరగాయలమ్మేవాడికి కూడా ఎక్కాలు వచ్చేశాయని జనం హాస్యమాడేవారు. పిల్లలు ఆవిడకి మైకు టీచరని పేరు పెట్టారు. ఆ సంగతి చెవినపడ్డప్పుడు ఆవిడ కోప్పడకపోగా మురిసిపోయింది.

ఇప్పుడా బడి మూసేస్తున్నారు. పాత కట్టడం పడగొడతారట. ఆలోపు, అక్కడ చదువుకున్నవాళ్ళంతా ఒక్కసారి అదే హాల్లో చేరాలనుకున్నారు. ఆఖరి మాట మైకు టీచరే చెప్పాలని పట్టుబట్టారు. ఆవిడ సరేనంది. సరిగ్గా అప్పుడే, మిగిలిన నాలుగు పళ్ళూ చీముపట్టి కదిలిపోవడంతో డాక్టరు అన్నీ పీకేశాడు. సెట్టు మాత్రం మా తమ్ముడే చెయ్యాలని ఆవిడ డాక్టరుకి కాగితం మీద రాసి చూపించిందట. పళ్ళు పోయిన రోజు నుంచీ పరాయివాళ్ళ ముందు నోరు విప్పడం మానేసింది. ఎన్నో వందల మంది పిల్లల చేత నోరు తిరగని అక్షరాలు పలికించిన మనిషికి, తన నోట్లోంచే గాలి తప్ప మాట రాకపోతే ఎంత చిన్నతనం! తమ్ముడికి కూడా ఫోనులో మెసేజీలే పెట్టేది.

మేస్త్రి మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ సెట్టు చేశాడు. అక్కకి ముందు పన్నొకటి పక్కదాని మీదకి కాస్త ఎక్కి ఉండేది. డాక్టరు పంపిన చీటీలో ఆ ముక్క లేదు. అతనికి గుర్తుంది కాబట్టి ఆ పన్నుని అలాగే కొంచెం వంచి కూర్చోబెట్టాడు. తడి దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, పైన అట్టపెట్టె వేసి, అక్క చిరునామా, అక్క ఫోను నంబరు రాశాడు.

"బస్సెక్కితే పూటలో వెళ్ళిపోతారు," అంది భార్య. "మీ చేత్తో ఇచ్చి రాకూడదూ? వదినగారు ఎంత సంతోషిస్తారు!"

"నాకేం పనిలేదనుకున్నావా? బల్ల మీద ఇన్ని దవడలు ఆకలిగా చూస్తున్నాయి. ఎల్లుండికల్లా పార్శిలు చేరిపోతుందిలే."

ఎల్లుండి వచ్చింది. పార్శిలు రాలేదు. ఫోనులో చూస్తే ఆ పెట్టె అక్క ఊరున్న తూర్పు దిక్కుకి పోవలసింది పోయి, పడమర దిక్కున ఏదో ఊళ్ళో దిగి విశ్రాంతి తీసుకుంటోంది. తరవాత దానికి ఏం బుద్ధి పుట్టిందో, బయల్దేరిన చోటికే తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరింది. రోజూ ఒక మెసేజీ: ఆలస్యానికి చింతిస్తున్నాం. వాళ్ళ చింత ఎవడికి కావాలి? చిగుళ్ళు మాత్రం ఆగవు. పళ్ళు తీసిన కొత్తలో తీసిన అచ్చు అది. సెట్టు వెంటనే పెట్టుకోకపోతే చిగుళ్ళు కుంగి, తరవాత వదులైపోతుంది. ఇది ఇంకొకరు చెబితే తెలుసుకోవలసిన సంగతా అతనికి? పనిగదిలో కూర్చుంటే చెయ్యి ఆడడం లేదు. లేచి పార్శిలు ఆఫీసుకి నడిచాడు.

అక్కడ గాజుపలకకి ఒక కన్నం. అది నడుమెత్తులో ఉంది. ఎంతటివాడైనా వంగి వినయంగా మాట్లాడాల్సిందే. అవతల ఒకమ్మాయి కంప్యూటరు వైపే చూస్తూ కూర్చుంది.

"మా పార్శిలు ఎక్కడుందమ్మా?"

"దారిలో ఉంది సార్."

"ఏ దారిలో?"

"ఏ దారో చూపించదు సార్. దారిలో ఉందని మాత్రం చూపిస్తుంది."

ఆ రోజుకి ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ, మళ్ళీ వెళ్ళాడు. చెప్పులరిగాయి గాని పెట్టె కదల్లేదు. చివరికి ఒకనాడు ఆ అమ్మాయి ముఖం కాస్త వికసించింది.

"మీ పార్శిలు ఆ ఊరు చేరింది సార్. నిన్న డెలివరీకి కూడా వెళ్ళారు. తీసుకునేవాళ్ళు పలకలేదని అక్కడి గోడౌనుకి తిప్పి పంపేశారు."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అబద్ధం! మా అక్క గడప దాటదు. మీవాడు ఆ వీధి మొహమే చూసుండడు."

"తలుపు కొట్టారట సార్. రెండుసార్లు ఫోను కూడా చేశారట. ఎత్తారు గాని మాట్లాడలేదని రాశారు."

"మా అక్క మాట్లాడలేదా? ఆవిడ గొంతు సంగతి నీకు తెలుసా అమ్మా? ఆవిడ హలో అంటే మీవాడి చెవులు చిల్లులు పడేవి. మాట్లాడలేదట! ఇంట్లో పడుకుని కథలు రాసి పంపితే మీరు నమ్ముతున్నారు."

వరసలో నిలబడ్డవాళ్ళంతా భేషన్నారు. వాళ్ళందరికీ తలో పార్శిలు బాకీ ఉంది. ఒకాయన మేస్త్రి భుజం కూడా తట్టాడు. ఆ ఊపులో మేస్త్రి ఆ డెలివరీ కుర్రాడి మీద ఫిర్యాదు పెట్టించాడు.

"మీ పెట్టె అక్కడి గోడౌనులో ఉంది సార్," అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి. "ఎవరైనా వెళ్ళి అడిగితే చేతికిచ్చేస్తారు. అదే తొందరగా అవుతుంది."

ఆ పిల్ల మంచికే చెప్పింది. కాని గెలుస్తున్నవాడికి మంచి మాట ఎక్కడ ఎక్కుతుంది?

"మేమెందుకు వెళ్ళాలి? గుమ్మం దాకా చేరుస్తామన్నది మీరు. గుమ్మం దాకా చేర్చండి."

ఇంటికొచ్చి ఈ విజయగాథ చెబితే భార్య మెచ్చుకోలేదు. "ఇప్పటికైనా బస్సెక్కండి. గోడౌనుకి వెళ్ళి తీసుకుని ఆవిడకిచ్చేయండి. పోయేదేముంది?"

"ఇప్పుడు నేను వెళితే వాళ్ళ మాట నెగ్గినట్టు కాదూ? వీళ్ళ చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తాను, చూడు."

పంతం మనిషికి ఎంత పని కల్పిస్తుందో! అక్కకి సెట్టు చేరడం అసలు పని. దాన్ని ఎక్కడో వదిలేసి, పార్శిలు వాళ్ళ మెడలు వంచడమే పనిగా పెట్టుకున్నాడు. పై అధికారులకి ఫోన్లు, వాళ్ళ పై వాళ్ళకి ఫోన్లు. మధ్యమధ్య అక్క దగ్గర్నుంచి మెసేజీ వచ్చేది, ఇంకా రాలేదు నాన్నా అని. వచ్చేస్తుందక్కా, నేను చూసుకుంటున్నాగా అని జవాబిచ్చేవాడు.

సభ రోజు పొద్దున బస్సెక్కాడు. పెట్టె మధ్యాహ్నంలోపు గుమ్మంలో ఉంటుందని పెద్ద అధికారి ఒకడు మాటిచ్చాడు. అక్క ఇంటికి చేరేసరికి పెట్టె లేదు. అక్క మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, పెదాలు లోపలికి మడుచుకుని కుర్చీలో కూర్చుని ఉంది. బుగ్గలు లోతుకుపోయాయి. తను అచ్చులో చూసిన దవడ వేరు, ఈ ముఖం వేరు. గోడౌనుకి ఫోను చేస్తే, బండి మీ పెట్టె ఎక్కించుకుని బయల్దేరిపోయిందన్నారు.

"సభ మొదలయ్యేలోపు నేరుగా హాలుకే తెప్పిస్తానక్కా. నువ్వేం బెంగపెట్టుకోకు."

అక్క అతని చెయ్యి పట్టుకుంది. ఏదో చెప్పబోయి, మాట కూడదీసుకుంటోంది. అంతలో ఫోను మోగింది. అతను చెయ్యి విడిపించుకుని వరండాలోకి పరిగెత్తాడు. తీరా చూస్తే అది, మా సేవలు మీకు ఎలా ఉన్నాయని అడిగే ఫోను.

హాలు కిటకిటలాడింది. నెత్తి నెరిసినవాళ్ళు కూడా ఒకటో తరగతి బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఒకళ్ళనొకళ్ళు మారుపేర్లతో పిలుచుకుంటున్నారు. అక్కని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికీ తలూపుతోంది. మేస్త్రి పక్కనే కూర్చున్నాడు గాని ప్రాణమంతా ఫోనులో ఉంది. ఒకరి తరవాత ఒకరు మాట్లాడుతున్నారు. బండి ఇంకా రాలేదు. ఇక ఉండబట్టలేక బయటికొచ్చి గోడౌనుకి చేశాడు. బండి చెడిపోయిందనీ, పెట్టెలన్నీ వెనక్కి తెచ్చేశామనీ చెప్పారు.

అప్పుడతను లేచిన తీరు చూడాలి. ఒంటికాలి మీద లేచాడు. బాధ్యత ఉందా అన్నాడు, మనుషులేనా అన్నాడు, మీ అమ్మకో అక్కకో ఇలా జరిగితే ఊరుకుంటారా అన్నాడు. అవతలివాడు నీళ్ళు నములుతున్నకొద్దీ ఇతని గొంతు పైకి లేచింది. లోపల చప్పట్లు మోగాయి. అవి ఆగకపోయేసరికి ఫోను పెట్టేసి లోపలికొచ్చాడు. అక్క అప్పటికే వేదిక దిగుతోంది. జనమంతా లేచి నిలబడి ఉన్నారు.

"టీచరు మాట్లాడలేకపోయారండీ," అన్నాడు పక్కనున్న ఒక లావుపాటి ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "చాలాసేపు మైకు ముందు నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళ ముఖం చూశారు, గుమ్మాల వైపు చూశారు. చివరికి చెయ్యి ఊపి దిగిపోయారు. పాపం, దుఃఖంతో మాట పెగల్లేదు."

ఇంటికొచ్చాక మేస్త్రి మళ్ళీ పార్శిలు వాళ్ళ మీద పడ్డాడు. "తలుపు కొట్టాడట, ఫోను చేశాడట, నువ్వు పలకలేదట! ఎంత నోటికొచ్చిన అబద్ధం!"

అక్క తల అడ్డంగా ఊపింది. తమ్ముడే కదా అనుకుందేమో, మెల్లిగా నోరు విప్పింది. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. అయినా అతనికి ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు.

"చేశాడురా. ఎత్తాను. ఎవరండీ, పార్శిలండీ, ఇల్లెక్కడండీ అన్నాడు. చెప్పడానికి సిగ్గేసింది. తరవాత తలుపు కొట్టి ఎవరున్నారని అరిచాడు. లోపల్నుంచి పలకలేకపోయా. తలుపు తీసేసరికి వెళ్ళిపోయాడు. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు."

మేస్త్రి చేతిలోని ఫోను బల్ల మీద పెట్టేశాడు. పళ్ళు లేనివాళ్ళు పరాయివాళ్ళతో ఫోనులో మాట్లాడరని లోకంలో అందరికంటే ముందు తెలియాల్సింది తనకి. ఆ నంబరు పెట్టె మీద రాసింది తను. మాట్లాడలేదని నిజం రాసిన కుర్రాడి మీద ఫిర్యాదు పెట్టింది తను. ఆ పిల్లాడు ఎన్ని చీవాట్లు తిన్నాడో ఏమో.

మర్నాడు పొద్దున గోడౌనుకి వెళ్ళాడు. రెండు వీధులు దాటి మలుపు తిరిగితే అదే. ఇంత దగ్గరా అనుకున్నాడు. అక్కడి మనిషి చీటీ చూసి, అరలోంచి పెట్టె తీసి చేతిలో పెట్టాడు. అరవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

వంటింట్లో సింకు దగ్గర అక్కని నిలబెట్టి, సెట్టు కడిగి, తన చేత్తోనే నోట్లో పెట్టాడు. బతుకులో మొదటిసారి తను చేసిన పళ్ళని ఒక మనిషి నోట్లో చూశాడు. అక్క ఏదో అనబోయింది. కింది వరస టకటకమని ఎగిరింది, పై వరస జారి నాలుక మీద పడింది. చిగుళ్ళు కుంగిపోయాయి. ఎంత అరగదీసినా అది ఇక కూర్చోదు. మళ్ళీ అచ్చు తియ్యాలి, మళ్ళీ చెయ్యాలి.

"కొత్తది చేసి నేనే తెస్తానక్కా. నా చేత్తో తెస్తాను," అన్నాడు. "కాని నిన్న నువ్వు చెప్పాల్సింది... ఈ దిక్కుమాలిన పళ్ళు సమయానికి వచ్చి ఉంటే..."

అక్క సెట్టు తీసి డబ్బాలో పెట్టింది. నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అతని వైపు తిరిగింది.

"పళ్ళు రావని నాకు ముందే తెలుసురా. రాకపోతే మానె అనుకున్నా. నేను మెల్లిగా చెబుతాను, నువ్వు పక్కన నిలబడి గట్టిగా అందరికీ చెబుతావనుకున్నా. నా మాట నీకు అర్థమవుతుందిగా. నిన్న ఇంట్లో అది చెబుదామనే నీ చెయ్యి పట్టుకున్నా. మైకు దగ్గరికెళ్ళి చూస్తే నువ్వు నీ కుర్చీలో లేవు. వెనక వరసల్లో లేవు. గుమ్మాల వైపు చూశా."

తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"నీ గొంతు మాత్రం బయట్నుంచి వినపడుతూనే ఉందిరా," అంది.