కట్టు కాలితో పథ్యం

బేకరీలో అందరూ అతన్ని బస్తా అనేవారు. కొత్తలో పిండి బస్తాను పసిపిల్లను ఎత్తుకున్నంత తేలిగ్గా భుజాన వేసుకునేవాడని ఆ పేరు పెట్టారు. ఇరవై ఏళ్ళు ఓవెన్ ముందు నిలబడ్డాక అదే పేరు అతని ఒంటికి సరిగ్గా అతికింది. పిలిచేవాళ్ళూ నవ్వేవాళ్ళు, పలికేవాడూ నవ్వేవాడు.

ఆ నవ్వు ఆ ఏడాది వానలతో ఆగిపోయింది. సరుకు దింపే మెట్ల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ట్రేలు పట్టుకుని దిగుతూ కాలు జారాడు. చీలమండ రెండు చోట్ల విరిగింది. మోకాలి దాకా కట్టు కట్టి, ఆ కాలు నేలకు ఆనించొద్దన్నారు. ఇంటికొచ్చి మంచం మీద వాలాడో లేదో, అక్కను ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది.

అక్క అతని కంటే పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయిన నాటి నుంచి అతన్ని పెంచింది ఆవిడే. కుట్టు మిషను మీద బతికింది, పెళ్ళి ఊసెత్తితే "నాకిదివరకే ఒక కొడుకున్నాడు" అని నవ్వేసేది. ఎన్నాళ్ళుగానో లోపల్లోపల కాలేయం పాడైపోతున్నా ఆవిడకు తెలియలేదు. తెలిసేసరికి కళ్ళు పచ్చబడ్డాయి, చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్టలో మాత్రం నీరు చేరింది. మందులతో లాభం లేదు, ఎవరైనా తమ కాలేయంలో ఒక ముక్క ఇవ్వాలన్నాడు పెద్ద డాక్టరు. ఇవ్వగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కంప్యూటర్ వంక చూస్తూ పెదవి విరిచాడు.

"రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. కానీ మీ లివర్‌కి బాగా కొవ్వు పట్టింది. ఇలాగే కోస్తే మీకూ ప్రమాదం, ఆవిడకీ ఉపయోగం లేదు. ఒక పది కిలోలు తగ్గి రండి."

"ఎన్నాళ్ళలో సార్?"

"ఆవిడ రెండు మూడు నెలలు ఆగగలరనుకుంటున్నాను. అంతకు మించి మాటివ్వలేను."

బస్తా తన చంకకర్రల వంక, తెల్లటి కట్టు వంక చూసుకున్నాడు. డాక్టరూ చూశాడు. చూసి, కింది అంతస్తులో ఉన్న డైట్ డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

ఆవిడకు ఆ రోజు జలుబు చేసినట్టుంది, మాట్లాడుతూ మధ్య మధ్య వేడినీళ్ళు తాగుతోంది. బస్తా కుర్చీలో కూలబడి ముందుగా అదే అడిగాడు.

"అమ్మా, అడుగు తీసి అడుగు వేయలేని మనిషిని. వ్యాయామం లేకుండా ఉత్త తిండితో బరువు తగ్గుతుందా?"

"తగ్గుతుంది. తగ్గడంలో పెద్ద పని నోటిది, కాళ్ళది చిన్న పని. ఒక బన్ను తినడానికి మీకెంత సేపు పడుతుంది?"

"రెండు గుక్కలు టీ తాగేంత సేపు."

"దాన్ని నడిచి కరిగించాలంటే గంట పైన పడుతుంది. తినకపోతే ఆ గంట మిగిలినట్టే కదా? అలాగని నడక అక్కర్లేదనను. కండ కరిగిపోకుండా చూసేది, తగ్గిన బరువు మళ్ళీ రాకుండా కాసేది నడకే. మీకా దారి మూసేశారు కాబట్టి ఉన్న దారిలో వెళదాం. కాకపోతే..." అంటూ ఆగి ముక్కు తుడుచుకుంది. "ఆకలేస్తుంది. వేయదని అబద్ధం చెప్పను."

ఆ మాట ఒక్కటీ ముమ్మాటికీ నిజమైంది.

ఆసుపత్రి నుంచి అక్క తమ్ముడింటికే వచ్చేసింది. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడకు మంచం వేశారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో భోజనాల బల్ల చూడాల్సిన దృశ్యం. ఒక పక్క అక్క. ఒంట్లో బలం నిలవాలని రోజుకు ఆరుసార్లు తినమన్నారు. ఆవిడకు తిండి చూస్తేనే వాంతి. ఇంకో పక్క తమ్ముడు. ఉడకబెట్టిన కూరగాయలు, రెండు గుడ్లు, అరచేతిలో పట్టేంత అన్నం అతని వాటా. అతనికి బల్ల చెక్క కూడా రుచిగా ఉంటుందేమోననిపించేది. ఆవిడ కంచంలో తిండి కొండలా ఉండేది, ఇతని కంచంలో అడుగు కనిపించేది. ఆవిడ మెల్లగా తన కంచాన్ని ఇతని వైపు జరిపేది. ఇతను ఒక్క క్షణం చూసి వెనక్కి జరిపేవాడు.

ఇద్దరి మధ్యా నిలబడే మనిషి అతని భార్య. పగలంతా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి రెండు రకాల వంట చేసేది. ఓ సాయంత్రం గరిటె పట్టుకునే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఒకళ్ళ నోట్లో ముద్ద పెట్టాలి, ఇంకొకళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కోవాలి. నేను తిన్నానా అని అడిగే నాథుడు లేడు," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

ఆ మాట నిజమే. పైగా ఆ క్షణంలో బస్తా చూపు గిన్నెలో మిగిలిన అన్నం మీద ఉంది. అది ఆవిడ చూసింది కూడా.

బేకరీ యజమాని మంచివాడే. ఓవెన్ దగ్గర నిలబడలేడు కాబట్టి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ముక్కలు కోసే మిషనులో రొట్టె పెట్టాలి, వచ్చిన ముక్కల్ని కవరులో దూర్చి మూతి కట్టాలి. రొట్టె చివరి ముక్కలు రెండూ పక్కనున్న బుట్టలో పడతాయి. కరకరలాడే ఆ ముక్కల్ని పనివాళ్ళు వచ్చేపోయేటప్పుడు నోట్లో వేసుకోవడం అక్కడ మామూలే. ఇరవై ఏళ్ళుగా అతని పొద్దుటి ఫలహారం అదే. ఇప్పుడా బుట్ట అతని మోచేతి పక్కనే ఉంది, ఇంకా వెచ్చగా.

"ఏంట్రా బస్తా, అలా అయిపోయావు? పెళ్ళాం తిండి పెట్టడం లేదా?" అనేవాడు పిండి కలిపే ముసలాయన.

"పెడుతోంది బాబాయ్, లెక్కపెట్టి," అనేవాడు. కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే నవ్వడం కూడా బరువైన పనే అని అతనికి అప్పుడే తెలిసింది.

మొదట్లో బరువు తేలిగ్గానే దిగింది. కదలకుండా కూర్చున్నవాడు తగ్గుతున్నాడంటే ఇరుగుపొరుగు నమ్మలేదు. చొక్కా వదులైంది, ఉంగరం జారిపడబోయింది. ఆరు కిలోల దాకా వచ్చి, అక్కడ ఆగింది. మళ్ళీ వారం బరువు చూసే యంత్రం ఎక్కినా అంతే. ఆ పై వారం పావుకిలో పెరిగింది.

డైట్ డాక్టరమ్మ యంత్రాన్ని ఓసారి, అతన్ని ఓసారి చూసింది.

"కొన్నాళ్ళు అలా ఆగడం సహజమే. కానీ పెరగకూడదే! ఏమైనా తింటున్నారా?"

అతను తల దించుకున్నాడు. తిన్నాడు మరి. ఒక మధ్యాహ్నం ప్రాణం విసిగిపోయి బుట్టలోంచి చివరి ముక్కలు తీసి, ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి నాలుగు నమిలేశాడు. రుచి కూడా తెలియలేదు. ఆ నాలుగు ముక్కలే అక్క ప్రాణం మీదికి తెస్తున్నాయని అతను గట్టిగా నమ్మాడు. డాక్టరమ్మను చూసొచ్చిన రోజు నుంచి రాత్రి భోజనం మానేశాడు. రెండు రోజులకే ప్యాకింగ్ బల్ల దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. పిండి కలిపే ముసలాయన చొక్కా పట్టుకుని ఆపకపోతే బోర్లా పడేవాడు.

ఆ పూట లాండ్రీలో సెలవు పెట్టి భార్య అతన్ని ఇంటికి తీసుకొచ్చింది. అతన్ని కూర్చోబెట్టి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళినావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

అక్క పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఒక చేత్తో గట్టు పట్టుకుంది, నిలబడ్డానికే వణుకుతోంది. రెండో చేతిలో చెంచా. ఆవిడ వెన్న డబ్బాలోంచి చెంచాడు తీసి, తమ్ముడి కోసం విడిగా ఉంచిన కూరగాయల గిన్నెలో వేసి కలిపింది. మళ్ళీ ఇంకో చెంచా తీసింది.

"వదినా!"

చెంచా కింద పడింది.

చప్పుడు విని బస్తా కర్రల మీద కుంటుకుంటూ వచ్చాడు. భార్య గిన్నె ఎత్తి అతని ముఖం దగ్గర పెట్టింది. వేడికి వెన్న కరిగి పైకి తేలుతోంది.

"చూశారా? మొదటి నుంచీ నేను నూనె చుక్క కూడా కొలిచి వేస్తున్నా. ఇది చూశారా?"

"కూర ఈ మధ్య రుచిగా ఉంటోందేమిటా అనుకున్నాను," అన్నాడతను, తెల్లబోయి. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం. "ఎందుకక్కా?"

అక్క కుర్చీలో కూర్చుంది. పైట చెంగుతో చేతికంటిన వెన్న తుడుచుకుంటూ నింపాదిగా చెప్పింది.

"నువ్వు తగ్గకపోతే వాళ్ళు నిన్ను కోయరు కదా."

"అక్కా..."

"నీకు జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చున్న మనిషినిరా నేను. ఇప్పుడు నీ పొట్ట కోయించి, అందులో ముక్క తీయించుకుని నేను బతకాలా? నీకేమైనా అయితే ఈ పిల్లకు నా ముఖం ఎలా చూపించను? వద్దురా అంటే నువ్వు వినవు. అందుకని..." ఆవిడ కింద పడిన చెంచా వంక చూసింది. "నీకు తిండి పెట్టడం తప్ప నాకింకేం చేతనవును?"

భార్య గిన్నె గట్టు మీద పెట్టేసింది. పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆవిడలో మిగల్లేదు.

"వదినా, ఆయన బరువు తగ్గక మూడు వారాలు పోయాయి. మీకున్నదే కొద్ది టైము," అంది మెల్లగా. "తను రొట్టె ముక్కలు తిన్నందుకే మీ ప్రాణం మీదికొస్తోందని ఆయన తిండి మానేసి పడిపోయారు ఇవాళ. మీరు ఆయన్ని కాపాడుతున్నాననుకుంటున్నారు."

అక్క తమ్ముడి వంక చూసింది. "పడిపోయావా?"

"కళ్ళు తిరిగాయంతే."

"నిజం చెప్పు."

"పడిపోయేవాణ్ణే. పట్టుకున్నారు."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ముఖం మాత్రం ఒక్కసారిగా ఇంకో పదేళ్ళు ముదిరినట్టయింది. బస్తా కర్రలు గోడకు ఆనించి, కట్టు కాలు చాపుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు పోతే నేను సన్నబడతానులే, దాని గురించి నీకు దిగులక్కర్లేదు," అన్నాడు. "అదేదో నువ్వుండగానే సన్నబడనీ. నువ్వేం చేయకు. తిను చాలు. నువ్వు తింటే నాకు ఆకలి కాస్త తక్కువగా అనిపిస్తుంది."

"ఎందుకట?"

"ఏమో. ఊరికే చెబుతున్నా. నిజంగా తగ్గదనుకో."

అక్కకు నవ్వొచ్చింది. దాంతోపాటు దగ్గొచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ తన గిన్నెలో సూపు సగం తాగి, రెండోసారి కూడా చెంచా ఎత్తింది.

డైట్ డాక్టరమ్మ సంగతంతా విని ముందు నవ్వింది, తర్వాత తిట్టింది. రాత్రి భోజనం మళ్ళీ పెట్టించింది. గుడ్లు పెంచింది. తిండి పూర్తిగా మానేస్తే కరిగేది కొవ్వు కాదు, కండ అని చెప్పింది. బరువు మళ్ళీ కదిలింది, కానీ మొదట్లోలా కాదు. రోజులు ఈడ్చుకుంటూ నడిచాయి. పథ్యంలో కథలు చెప్పుకునేంత వీరత్వమేమీ ఉండదు. పొద్దున లేవగానే ఆకలి, తిన్నాక ఇంకా కొంచెం ఆకలి, బుట్టకేసి చూడకుండా రొట్టెలు కట్టడం, మళ్ళీ ఇల్లు. మధ్యలో కాలి కట్టు విప్పారు. లోపల కాలు వెదురు కర్రలా ఉంది. దాన్ని చూసి అక్క, "ఇదొక్కటే అనుకున్నదానికంటే బాగా తగ్గింది," అంది.

పది కిలోలు తగ్గనే లేదు. తొమ్మిది దగ్గర ఉండగానే అక్కకు పొట్ట మళ్ళీ ఉబ్బింది, మాట తడబడసాగింది. ఇక ఆగలేమన్నారు. హడావుడిగా అతనికి స్కాను తీశారు. పెద్ద డాక్టరు ఈసారి పెదవి విరవలేదు.

"కొవ్వు చాలావరకు పోయింది. ఇది చాలు. కదలకుండా ఇంత చేశారా?"

"కదిలే ఓపిక కూడా లేదు సార్," అన్నాడు బస్తా.

ఆపరేషను పొద్దున మొదలై చీకటి పడేదాకా సాగింది. బయట బెంచీ మీద అతని భార్య ఒక్కతే కూర్చుంది. బేకరీ నుంచి పిండి కలిపే ముసలాయన వచ్చి, ఆవిడ చేతిలో రొట్టె పొట్లం పెట్టి, "ముందు నువ్వు తినమ్మా," అన్నాడు. ఆ మాటకు ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏడుస్తూనే తింది.

ఇద్దరూ బతికారు. తేలిగ్గా మాత్రం కాదు. అక్కకు రెండుసార్లు జ్వరమొచ్చి మళ్ళీ చేర్చాల్సి వచ్చింది. అతనికి కుట్ల నొప్పి నెలల తరబడి పోలేదు, పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాడు. బేకరీకి తిరిగి వెళ్ళినా బస్తా ఎత్తకూడదన్నారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత డైట్ డాక్టరమ్మ అన్నదే జరిగింది. మామూలు తిండికి రాగానే మూడు కిలోలు ఎప్పుడొచ్చాయో తెలియకుండా తిరిగొచ్చేశాయి. ఇక నడవక తప్పదందావిడ. అక్కనూ నడవమన్నారు. అందుకని సాయంత్రం పూట ఇద్దరూ వీధిలోకి బయలుదేరేవారు. అతను కుంటుతూ, ఆవిడ ఆయాసపడుతూ. మందుల షాపు దాకా వెళ్ళి రావాలని అనుకునేవారు. టైలరు కొట్టు అరుగు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఓపిక అయిపోయేది.

"కూర్చుందామా?" అనేది అక్క.

"నువ్వు అడిగావు కాబట్టి," అనేవాడు అతను, అప్పటికే కూర్చుని.

ఎదురుగా జనం పనుల నుంచి ఇళ్ళకు పోతుండేవారు. ఓ రోజు లాండ్రీ సంచి భుజాన వేసుకుని అతని భార్య ఆ దారినే వచ్చింది. వాళ్ళను చూసి, సంచి దించి తనూ పక్కన కూర్చుంది. అక్క జరిగి చోటిచ్చింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని అడిగింది.