మట్టి పాకడం

కొండవాలు రోడ్ల పనివాళ్ళ కోసం రాసిన భద్రతా పుస్తకం అనువాదానికి వచ్చింది. అనువాదకురాలు డెబ్భై పేజీలు గుక్కతిప్పుకోకుండా లాగేసి, ‘క్రీప్’ అన్న ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయింది. నిఘంటువు తీసి పైకి చదువుకుంది. వెయ్యేళ్ళు దాటిన మాట. మొదట్లో నేలకు పొట్ట ఆనించి కదలడం, పామూ పసిబిడ్డా కదిలినట్టు. తర్వాత తీగలకు అంటింది. ఆ తర్వాత చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చేవాడికి. భయంతో ఒళ్ళు జలదరించడానికీ అదే మాట.

"ఒంటిమీద చీమలు పాకినట్టుందంటాం కదే, అదే" అంది వంటింట్లోంచి అత్తగారు. కోడలి పనిమీద ఒక చెవి ఎప్పుడూ వేసి ఉంచుతుంది ఆవిడ.

‘మట్టి పాకడం’ అని రాసుకుంది గానీ మనసొప్పలేదు. పుస్తకం రాసిన ఇంజనీరుకి ఫోన్ చేసింది.

"సరిగ్గానే రాశారమ్మా. వాలుమీద మట్టి ఏడాదికి వేలెడు దిగుతుంది. కంటికి ఆనదు. స్తంభాలన్నీ ఒకే వైపు ఒరుగుతాయి, తలుపులు పట్టేస్తాయి, గోడలు బీటలిస్తాయి. జనం మాత్రం మేస్త్రీని తిట్టుకుని ఊరుకుంటారు."

ఫోన్ పెట్టేసి ఆమె పెరటి తలుపు వైపు చూసింది. ఆ నెలలోనే వడ్రంగి రెండుసార్లు వచ్చి, పట్టేస్తోందని దాన్ని చిత్రిక పట్టి వెళ్ళాడు.

కొండవాలు మీది తమ వీధిలోకి వచ్చి చూసింది. పట్టపగలు. ఆరు కరెంటు స్తంభాలు, ఆరూ లోయ వైపే ఒరిగి ఉన్నాయి. పదేళ్ళుగా వాటి కిందే నడుస్తోంది.

బీట ఇంకా విచ్చుకుంటోందేమో తేల్చుకోడానికి, పడగ్గది గోడ బీటకు అడ్డంగా సన్నటి కాగితం అంటించింది. భర్త నవ్వాడు. "పుస్తకంలో చదివిన రోగాలన్నీ మనకే ఉన్నాయనుకుంటావు, మొదట్నించీ అంతే."

ఆరోరోజు పొద్దున కాగితం నిలువునా చిరిగి ఉంది. భర్త వేలితో తడిమి, నవ్వబోయి మానేశాడు. అత్తగారు మందుల డబ్బా సంచిలో వేసుకుంది.

"నా కాళ్ళకి పరుగు చేతకాదు. అది పాకుతున్నప్పుడే నేను బయటపడాలి."

కబురందుకుని ఇంజనీరు వచ్చాడు. ఇంటికి పైన, పొదల్లో కొత్త బీట కనిపించింది. చేతికర్ర దింపితే పిడిదాకా పోయింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఈ వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయమ్మా?"

"పద్నాలుగండీ."

ప్రతి తలుపూ ఆయనే తట్టాడు. రెండోరోజుకి పదమూడు కుటుంబాలు అవతలి చదును నేలమీది బడిలోకి చేరాయి. దర్జీ ఒక్కడే మొండికేశాడు. "నేను పుట్టకముందునించీ ఉన్న కొండ. ఎక్కడికి పోతుంది?"

మూడోరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. భర్త వెళ్ళి దర్జీని రెక్కపట్టుకుని లాక్కొచ్చాడు. దారి పొడుగునా తిట్టాడతను. బడి మెట్లెక్కి, ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఎదురుగా వాలు మొత్తం, ఇళ్ళతో స్తంభాలతో సహా, బరువైన బండి బయల్దేరినట్టు కిందికి కదిలింది.

చప్పుడు ఆగాక అత్తగారు తలలు లెక్కపెట్టింది. పద్నాలుగిళ్ళ వాళ్ళూ ఉన్నారు. ఇంజనీరు లేడు. వాన మొదలవగానే, పైబీట ఇంకోసారి చూసొస్తానని వెళ్ళాడట.